మూత ఎత్తి చూపించే జెరాక్స్ షాపు: బ్రాడీపేట, గుంటూరు

జెరాక్స్ తీయడం అయ్యాక మిషన్ మూత ఎత్తి, "చూడండమ్మా, లోపల మీ కాగితం ఏమీ లేదు" అని చూపించే షాపు నాకు 62 ఏళ్లొచ్చాక ఇదొక్కటే కనిపించింది. బ్రాడీపేటలో మెయిన్ రోడ్డు మీద కాదు, లోపలి లైనులో, రెండు మెట్లెక్కితే ఒక చిన్న గది. రెండు జెరాక్స్ మిషన్లు, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, మూలన లామినేషన్ మిషను. పైకి చూస్తే గుంటూరులో వీధికి నాలుగున్న షాపుల్లాగే ఉంటుంది. ఎనిమిది నెలల్లో నేను ఇరవైసార్లకి తక్కువ కాకుండా వెళ్లాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. షాపు నడిపే భార్యాభర్తలు నాకు బంధువులు కారు, నా దగ్గర చదువుకున్నవాళ్లూ కారు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా వారు నీటిపారుదల శాఖలో చేసేవారు. పోయిన ఆషాఢంలో ఆయన కాలం చేశారు. ఇంట్లో మనిషి పోయాక ఏడవడానికి కూడా తీరిక దొరకదు, కాగితాలు మొదలవుతాయి. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఆయన పీపీవో (పెన్షన్ చెల్లింపు ఆర్డరు), ఇద్దరి ఆధార్‌లు, పాన్ కార్డులు, పాసుపుస్తకం మొదటి పేజీ, జాయింట్ ఫొటో. సబ్ ట్రెజరీకి ఒక సెట్టు, బ్యాంకుకి రెండు, ఇన్సూరెన్సుకి ఒకటి, గ్యాస్ కనెక్షన్ పేరు మార్పుకి ఒకటి, కరెంటు మీటరుకి ఒకటి. ఒక్కో సెట్టులో ఒక మనిషి బతుకంతా ఉంటుంది. పుట్టిన తేదీ, తండ్రి పేరు, అకౌంటు నెంబరు, సంతకం, చివరికి పోయిన తేదీ కూడా.

మొదట్లో ఈ సెట్లన్నీ ఇంకో షాపులో తీయించాను. ఎక్కడో చెప్పను, ఎందుకంటే చాలాచోట్ల పద్ధతి అదే. గోడకి అంటించిన నెంబరుకి వాట్సాప్ చేయమంటారు. మన వంతు వచ్చేదాకా వాళ్ల కంప్యూటరు తెర మీద మనకి ముందొచ్చినవాళ్ల ఆధార్‌లు, స్కానింగ్ రిపోర్టులు, పెళ్లిచూపులకి పంపే ఫొటోలు వరసగా కనిపిస్తుంటాయి. ఇంకు సరిగ్గా పడని కాపీలు కింద అట్టపెట్టెలోకి పోతాయి. నావీ పోయాయి. చూస్తూనే ఉన్నాను, అప్పుడు ఏమీ అనిపించలేదు.

తరవాత ఒక సాయంత్రం కొరిటెపాడులో బండి దగ్గర పునుగులు కట్టించుకుని ఇంటికొచ్చాను. పొట్లం విప్పితే, నూనె పీల్చుకున్న కాగితం మీద ఒకావిడ ఫొటో. పాసుపుస్తకం మొదటి పేజీ జెరాక్స్ అది. పేరు, ఊరు, అకౌంటు నెంబరు, ఫోన్ నెంబరు అన్నీ చక్కగా చదవొచ్చు. పునుగులు తినబుద్ధి కాలేదు. మర్నాడు ఆ బండి అబ్బాయిని అడిగాను. "చిత్తు కాగితాలు కిలో లెక్కన కొంటానమ్మా, వాటిమీద ఏముంటుందో నేను చూడను" అన్నాడు. అతని తప్పేముంది? యాభై రూపాయలిచ్చి మిగిలిన కట్ట తీసుకున్నాను. చాలావరకు పిల్లల పరీక్ష పేపర్లు. వాటి మధ్యలో రెండు ఆధార్ కాపీలు, ఒక ఇంటద్దె అగ్రిమెంటు పేజీ, ఎవరిదో ఆసుపత్రి డిశ్చార్జి కాగితం. అన్నీ చించి, బకెట్లో నానబెట్టి, ముద్ద చేసి పారేశాను.

ఇది జరిగిన పది రోజులకి నాకు ఫోనొచ్చింది. "అమ్మా, సార్ పోయారని తెలిసింది, మీ ఫ్యామిలీ పెన్షన్ శాంక్షన్ అయింది, ఇప్పుడు ఓటీపీ వస్తుంది, చెప్పండి" అన్నాడు. మా వారి ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, పోయిన తేదీ, బ్యాంకు పేరు, బ్రాంచి అన్నీ సరిగ్గా చెప్పాడు. ఓటీపీ చెప్పకుండా పెట్టేశాను. పైసా పోలేదు. కానీ ఆయన పోయిన తేదీని ఒక దొంగ నోటి వెంట విన్నాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ వివరాలు ఎక్కడినుంచి బయటికి వెళ్లాయో నేను చెప్పలేను. ఐదారు చోట్ల ఇచ్చాను, ఎవరినీ వేలెత్తి చూపను. మా అబ్బాయి ఆ నెంబరుని టెలికం శాఖ వాళ్ల సంచార్ సాథీ సైట్లో 'చక్షు' అనే చోట రిపోర్టు చేశాడు. డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని నాతో రెండుసార్లు చెప్పించుకున్నాడు.

ఆ టెన్షన్‌లో ఉండగా మా పక్కింటావిడ ఈ షాపు సంగతి చెప్పింది. ఆవిడ కోర్టులో టైపిస్టు, కాగితాల విలువ తెలిసిన మనిషి.

మొదటిసారి వెళ్లినప్పుడు అలవాటుగా ఫోన్ తీసి, "వాట్సాప్ నెంబరు చెప్పు బాబూ" అన్నాను.

"వాట్సాప్ వద్దమ్మా, కేబుల్ పెడతాను. ఫోను మీ చేతిలోనే ఉంచుకోండి" అన్నాడు.

కేబుల్ పెట్టి, నేను చూపించిన ఫైలు ఒక్కటే తెరిచి, ప్రింటు ఇచ్చి, కేబుల్ తీసేశాడు. కంప్యూటరు తెర మనవైపు తిప్పి ఉంటుంది, అతను ఏం తెరుస్తున్నాడో, ఏం మూస్తున్నాడో మనకి కనిపిస్తుంది. డెస్క్‌టాప్ మీద ఒక్క ఫైలు లేదు. మెయిల్‌లోంచి ప్రింటు కావాలంటే మనం చూసినవి కంప్యూటర్లో గుర్తుండని ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, పొడుగు వైరున్న కీబోర్డు మన ముందుకి జరిపి, తను అటు తిరుగుతాడు. ఓటీపీ వస్తే గట్టిగా చదవనివ్వడు. మా తరం వాళ్లం ఓటీపీని ఎక్కాలు అప్పజెప్పినట్టు పదిమందిలో చదివేస్తాం. "మీరే కొట్టండమ్మా, తొందరేం లేదు" అంటాడు. వెనక పదిమంది నిలబడి ఉన్నా అదే మాట.

వాట్సాప్ తప్ప ఇంకేమీ తెలియనివాళ్ల కోసం వేరే ఫోను ఒకటి పెట్టుకున్నాడు. దానిలో మెసేజ్‌లు 24 గంటల్లో వాటంతట అవే మాయమయ్యేలా సెట్టింగు ఉంది. వచ్చిన ఫొటోలు గ్యాలరీలోకి చేరకుండా మీడియా విజిబిలిటీ ఆపేశాడు. ప్రింటు చేతికిచ్చాక మన ముందే చెరిపేసి చూపిస్తాడు. ఇవేవీ ఖరీదైన ఏర్పాట్లు కావు, మన ఫోన్లలో ఉన్నవే.

మూత ఎత్తి చూపించడం గురించి అడిగాను. వాళ్ల షాపులో జనం ఎక్కువగా మరిచిపోయేది ఒరిజినలే అట. కాపీలు లెక్కపెట్టుకుని, డబ్బులిచ్చి, అద్దం మీద బోర్లా పెట్టిన అసలు కాగితం వదిలేసి వెళ్లిపోతారు. తరవాత వచ్చినవాళ్లు మూత ఎత్తగానే అది వాళ్ల చేతికి వస్తుంది. ఒకసారి ఎవరిదో ఇంటర్ సర్టిఫికెట్ అలా దొరికితే రెండు రోజులు తిరిగి అప్పజెప్పారట. అప్పటినుంచి ప్రతి పనికీ మూత ఎత్తడం అలవాటు చేసుకున్నారు, భార్యాభర్తలిద్దరూ.

ఈ షాపులో నాకు అన్నిటికంటే ఉపయోగపడింది అతను అడిగే ఒక ప్రశ్న. ఆధార్ జెరాక్స్ అనగానే "దేనికమ్మా?" అంటాడు. మొదట్లో, నీకెందుకులే అనుకున్నాను. మా అపార్ట్‌మెంటు అసోసియేషన్ పుస్తకంలో పేరు మార్చడానికని చెప్పాను. "వాళ్లకి మీ నెంబరుతో పనేముంది? మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి" అన్నాడు. మైఆధార్ సైట్లో మనమే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. 12 అంకెల్లో మొదటి ఎనిమిది కనపడవు, చివరి నాలుగే ఉంటాయి. పేరు, ఫొటో, అడ్రసు మామూలుగానే ఉంటాయి. ఆ పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డు కావాలి: మన పేరులో మొదటి నాలుగు ఇంగ్లిషు అక్షరాలు క్యాపిటల్స్‌లో, పక్కన పుట్టిన సంవత్సరం. లెక్కల టీచరుగా ఇక్కడ ఒక మాట చెప్పాలి. పేరూ పుట్టిన సంవత్సరమూ తెలిసిన ఎవరైనా ఆ తాళం తీయగలరు. కాబట్టి పాస్‌వర్డు ఉంది కదా అని ఆ ఫైలుని ఎక్కడపడితే అక్కడ వదిలేయకూడదు.

పాత కార్డు కాపీ మీద పెన్నుతో కొట్టేస్తే చాలదా అని అడిగాను. చాలదని చూపించాడు. నెంబరు ముందువైపే కాదు, వెనకవైపూ ఉంటుంది, రెండుచోట్లా కొట్టేయాలి. కొట్టేసిన కాపీని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే సిరా కింద అంకెలు కనిపించాయి. అందుకని ఆ కాపీని మళ్లీ జెరాక్స్ తీసి, ఆ రెండోదే నా చేతికిచ్చి, మొదటిది కాగితాలు ముక్కలు చేసే ష్రెడర్ మిషన్లో వేసేశాడు.

2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. ఆధార్ జెరాక్సులు ఎక్కడపడితే అక్కడ ఇవ్వొద్దు, మాస్క్‌డ్ వాడండి, నెట్ సెంటర్లలో డౌన్‌లోడ్ చేస్తే కాపీలన్నీ పూర్తిగా చెరిపేయండి అని. జనం కంగారుపడ్డారు. మే 29న దాన్ని వెనక్కి తీసుకుని, మామూలు జాగ్రత్తలు పాటిస్తే చాలన్నారు. ఆ మామూలు జాగ్రత్తలంటే ఏమిటో నాకు మూడేళ్ల తరవాత ఈ షాపులో తెలిసింది.

పూర్తి నెంబరు ఇవ్వక తప్పని చోట్ల కోసం ఒక రబ్బరు స్టాంపు చేయించి పెట్టాడు: 'ఈ కాపీ ............ కోసం మాత్రమే, తేదీ ............' అని. ఖాళీల్లో మనమే రాసి సంతకం పెట్టాలి. ఆ స్టాంపు మూలన తెల్లగా ఉన్నచోట వేయడు, అక్కడైతే కత్తిరించేయొచ్చు. ఫొటో అంచు మీదా అడ్రసు మీదా అడ్డంగా పడేలా వేస్తాడు, కింద అక్షరాలు మాత్రం చదవడానికి వీలుగా ఉంటాయి. దీనికి డబ్బు తీసుకోడు. నా బ్యాంకు సెట్లన్నీ ఇలాగే ఇచ్చాను, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

తెనాలి దగ్గర మాకున్న అర ఎకరం దస్తావేజు తీసుకెళ్లిన రోజు మాత్రం అరగంట పట్టింది. పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగి, "ఈ పేజీ అడిగారా అమ్మా?" అన్నాడు. మా వారి ఫొటో, పక్కన వేలిముద్రలు ఉన్న పేజీ అది. రిజిస్ట్రేషన్ చట్టం 32ఏ సెక్షన్ ప్రకారం అమ్మినవాళ్లవీ కొన్నవాళ్లవీ ఫొటోలు, వేలిముద్రలు దస్తావేజుకి జత చేస్తారు. నాకు అది ఎప్పుడూ ఒక అలంకారంలాగే కనిపించేది. ఆధార్ నెంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర, ఈ మూడూ ఉంటే ఊళ్లో బ్యాంకు తరఫున పనిచేసే ఏజెంటు, అదే బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తీసుకోవచ్చు. ఓటీపీ అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు. చదువురాని ముసలివాళ్లకి మేలు చేసిన పద్ధతే అది. కానీ దస్తావేజుల మీది ముద్రల్ని రబ్బరు మీదికి ఎక్కించి, ఎవరి ఖాతాలోంచో డబ్బు లాగిన కేసులు మన తెలుగు రాష్ట్రాల్లోనే బయటపడ్డాయి. ఫోను హ్యాక్ అవలేదు, ఎవరూ ఓటీపీ చెప్పలేదు, అయినా డబ్బు పోయింది. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు. బొటనవేలు మార్చుకోలేం కదా.

నాకు కావలసింది సర్వే నెంబరు, హద్దులు ఉన్న పేజీలే. ముద్రలున్న పేజీ కూడా ఇవ్వాల్సి వస్తే వాటిమీద తెల్ల కాగితం ముక్క వేసి తీస్తానన్నాడు. వేలిముద్రలే చూడాలనుకునేవాళ్లు రిజిస్ట్రార్ ఆఫీసులోనే చూసుకుంటారు.

ఆ రోజే అతని భార్య నా ఫోన్లో ఎంఆధార్ యాప్ తెరిపించి బయోమెట్రిక్ లాక్ పెట్టించింది. లాక్ ఉన్నంతకాలం ఆధార్‌తో సరిచూసే చోట నా వేలిముద్ర ఎక్కడా పనిచేయదు. కావలసినప్పుడు కాసేపు తెరుచుకోవచ్చు. ఒక జాగ్రత్త ఉంది. మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి కూడా నేనే లాక్ పెట్టించాను. రేషన్ తీసుకునే రోజు ముద్ర పడక వెనక్కి వచ్చేసింది, పాపం. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడూ అంతే. పనికి వెళ్లేముందు లాక్ తీయాలని గుర్తుపెట్టుకోవాలి. ఫోన్ వాడటం రాని పెద్దవాళ్లకి పక్కన ఎవరైనా ఉంటేనే ఇది పెట్టించండి.

పాడైన కాపీల సంగతి. ఇక్కడ అట్టపెట్టె లేదు. బల్ల కింద ష్రెడర్ ఉంది. అడిగితే పాడైన కాపీ మనకే ఇచ్చేస్తారు, లేదంటే మన కళ్లముందే దానిలో వేస్తారు. ష్రెడర్లలో రెండు రకాలున్నాయని నాకు ఇక్కడే తెలిసింది. నిలువు చీలికలు చేసేవి చవక. 6 మిల్లీమీటర్ల చీలికలైతే ఒక ఏ4 కాగితం 35 ముక్కలవుతుంది. ఓపికున్నవాడు కూర్చుని అతికించగలడు. 1979లో టెహ్రాన్‌లో అమెరికా రాయబార కార్యాలయాన్ని ఆక్రమించినవాళ్లు చీలికల కుప్పల్ని అతికించి, ఆ పత్రాలను పుస్తకాలుగా అచ్చు వేశారు. వీళ్ల దగ్గరున్నది అడ్డంగా కూడా కోసే రకం. దాని మీద పీ-4 అని ఉంది. అంటే ఒక్కో ముక్క 160 చదరపు మిల్లీమీటర్లు మించకూడదు. ఏ4 కాగితం 62,370 చదరపు మిల్లీమీటర్లు. భాగిస్తే కనీసం 390 ముక్కలు. ఇంటికొచ్చి కాగితం మీద ఈ లెక్క చేసుకున్నాక నాకు నిజంగా మనసు కుదుటపడింది. ఆ పొట్టుని గోనెసంచిలో నింపి గాజుసామాను అమ్మేవాళ్లకి ఇస్తారు. పునుగులు కట్టడానికి పనికిరాదు.

నేను అడిగితే తప్ప అతను చెప్పని విషయం ఇంకొకటి ఉంది. పెద్ద జెరాక్స్ మిషన్లలో చాలావాటికి లోపల కంప్యూటరుకి ఉన్నట్టే హార్డ్ డిస్క్ ఉంటుంది, తీసిన కాగితాల బొమ్మలు దానిలో మిగిలిపోవచ్చు. అమెరికాలో అఫినిటీ హెల్త్ ప్లాన్ అనే ఆరోగ్య బీమా సంస్థ అద్దె మిషన్లను వాటిలోని డిస్కులు చెరపకుండానే తిరిగి ఇచ్చేసింది. ఒక టీవీ ఛానల్ వాళ్లు అలాంటి మిషన్ని కొని చూస్తే రోగుల వివరాలు బయటపడ్డాయి. 2013లో ఆ సంస్థ 12 లక్షల డాలర్లకు పైగా కట్టాల్సి వచ్చింది. ఇది నేను చదివిన సంగతే, అతనికి చెప్పి, "మరి నీ మిషన్ సంగతేమిటి నాయనా?" అన్నాను. కోపం తెచ్చుకుంటాడేమో అనుకున్నాను. మెనూ తెరిచి, పని అవగానే చెరిపేసే సెట్టింగు ఆన్‌లో ఉండటం చూపించాడు. పాత మిషన్ని సెకండ్ హ్యాండ్‌లో అమ్మినప్పుడు డిస్క్ పీకి దగ్గర పెట్టుకున్నాడట. డ్రాయర్లోంచి తీసి చూపించాడు కూడా.

ఇంత పట్టుదల ఎందుకని అడిగితే వాళ్లమ్మగారి సంగతి చెప్పాడు. ఆవిడ పేరు మీద ఆవిడకి తెలియని సిమ్‌లు రెండు నడుస్తున్నాయట. సంచార్ సాథీలో మన ఫోన్ నెంబరు కొట్టి ఓటీపీ ఇస్తే మన పేరు మీదున్న నెంబర్లన్నీ కనిపిస్తాయి. మనవి కానివాటిని అక్కడే రిపోర్టు చేయొచ్చు. ఆవిడ ఆధార్ కాపీ ఏ కొట్లో మిగిలిందో ఎవరికి తెలుసు? నేనూ చూసుకున్నాను. రెండే ఉన్నాయి, రెండూ నావే.

పీవీసీ, అంటే ప్లాస్టిక్ కార్డుల దగ్గర కొందరు గొడవపడటం చూశాను. ఆధార్‌ని ఏటీఎం కార్డులా కొట్టివ్వమంటే ఇతను కొట్టడు. బయట షాపుల్లో కొట్టించిన పీవీసీ కాపీలకి భద్రతా గుర్తులు ఉండవని, వాటిని వాడొద్దని ఆధార్ సంస్థే 2022 జనవరిలో చెప్పింది. వాళ్ల సైట్లోనే ఆర్డరు పెట్టించి, "స్పీడు పోస్టులో మీ ఇంటికే వస్తుంది" అంటాడు. మన వివరాలు అతని దగ్గర ఆగవు.

ఇక బాగోలేనివి. కాపీకి 3 రూపాయలు, చుట్టుపక్కల 2 రూపాయలకే దొరుకుతుంది. విద్యార్థుల నోట్సులకీ మామూలు కాగితాలకీ ఇక్కడిదాకా రానక్కర్లేదు. మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా మూసేస్తారు. కూర్చోవడానికి ఒక్క స్టూలు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మెట్లు ఎత్తు. ఒక్కొక్కరికీ ఇంత చేస్తాడు కాబట్టి ఆలస్యం అవుతుంది. పరీక్షల అప్లికేషన్ల రోజుల్లో గంట నిలబడ్డాను, నా ముందే ఇద్దరు విసుక్కుని వెళ్లిపోయారు.

పెద్ద లోపాలు రెండు చూశాను, రెండూ వాళ్లతోనే అన్నాను. ఒకటి, కౌంటరు మీద పుస్తకం. సాయంత్రం వచ్చి తీసుకుంటామన్నవాళ్ల పేరు, ఫోన్ నెంబరు, పని ఏమిటో అందులో రాసేవారు, 'డెత్ సర్టిఫికెట్ 6 కాపీలు' అని పక్కన. అది తెరిచే ఉండేది. నా పేరు నాకే తలకిందులుగా కనిపించింది. "ఇంత చేసి ఇది వదిలేశారేమమ్మా" అంటే అతని భార్య నాలుక కరుచుకుంది. పై వారానికల్లా పుస్తకం పోయింది. ఇప్పుడు నెంబరు వేసిన చీటీలిస్తున్నారు. సగం మనకి, సగం కవరుకి.

రెండోది సీసీ కెమెరా. అది సరిగ్గా కౌంటరు మీదికే తిప్పి ఉంది. మనం పరిచిన ప్రతి కాగితమూ దాని కింద పడుతుంది. దొంగతనాల భయంతో పెట్టుకున్నామన్నారు, అర్థం చేసుకోగలను. గుమ్మం వైపు తిప్పుకోమన్నాను. నిన్న ఇంటి పన్ను పేరు మార్పు కాగితాలతో వెళ్లినప్పుడు పైకి చూశాను, కెమెరా ఇంకా కౌంటరు వైపే ఉంది. ఆదివారం ఎలక్ట్రీషియన్ వస్తాడన్నారు. ప్రస్తుతానికి నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. పై వారం డెత్ సర్టిఫికెట్ ఆఖరి రెండు కాపీల కోసం మళ్లీ వెళ్లాలి, అది తిరిగి ఉంటే ఐదోది వేస్తాను.